సమ్మతియు శరణాగతియు

దానములలో నన్నదానము గొప్పదని కొందఱును, విద్యాదానము గొప్పదని కొందఱును వాదింతురు. తన దేహమునే యొక మందు పరీక్షకై యొప్పగించుట యే దానములో జేరునో మన పెద్దలు విచారింపలేదు. వారి కట్టి యవసరము కలుగలేదు. మనకు గలిగినది. ముదినేపల్లిలో నిటీవల జరిగిన యొక చిన్న సంభాషణము నన్నీ విచారమునకు బురికొల్పినది.

ముప్పది యేండ్లుగా వరి యూడ్పులలోను, కలుపుతీతలోను నడుము వంచి పనిచేసిన యొక కూలి స్త్రీ మా వీథిలో నున్నది. ఆమె పెనిమిటి చేపల చెఱువులమీద మేత బస్తాలు మోయును. నడుము నొప్పి యామెను బట్టి యేడెనిమిది సంవత్సరములైనది. పట్టణమందలి యొక వైద్యశాలవారు, దీర్ఘకాలిక నడుము నొప్పికై జరుగు క్లినికల్ ట్రయల్‌లో జేరెదవా యని యడిగి, ఇంటికడ నాలోచించుకొనుటకై కొన్ని పుటల సమ్మతి పత్రము నిచ్చి పంపిరి. ఆమె దానిని దెచ్చి, "మేష్టారూ, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించండి" అనెను. ఇందులో నేమున్నదో తెలిసికొంటివా యమ్మా యని యడిగితిని. "నాకెందుకండీ? డాక్టరుగారు మన మంచికే చెబుతారు గదా!" అని యామె బదులు చెప్పెను. ప్రక్కనున్న కుమారుడు, "అమ్మకేం తెలుస్తుందండీ, సంతకం నేను పెడతాను" అనెను. నేనో, మందుల పరీక్ష యన్న భయముచేత వద్దని చెప్పబోయి నాలుక కఱచుకొంటిని. వైద్యుని మాటకు లోబడి 'ఊ' యనుటకును, నా మాటకు లోబడి 'ఊహూ' యనుటకును భేదమేమి? నొప్పి యామెది, నడు మామెది, నిర్ణయము మాత్రము మా మువ్వురిదా?

ఆమె మాటలో నమ్మకము కలదు. నమ్మకము మంచి గుణమే. కాని యది సమ్మతి గాదు, శరణాగతి. శరణు జొచ్చినవాడు తన విచారమును సైత మెదుటివాని కప్పగించును. సమ్మతించినవాడు విచారమును దనయొద్దనే యుంచుకొని మాట యిచ్చును. చికిత్సలో శరణాగతి కొంతవఱకు జెల్లవచ్చును. ఏలయన, అందు వైద్యుని యుద్దేశము రోగి మే లొక్కటియే. పరీక్షలో నట్లు గాదు. అందు వెదకబడునది జ్ఞానము. దాని ఫలము ముఖ్యముగా రేపటి రోగులది. నేటి రోగికి మేలు గలుగవచ్చును, కలుగకపోవచ్చును.

నడుము నొప్పి విషయమున నీ భేదము మఱింత స్పష్టము. ఈ నొప్పి చంద్రునివలె వృద్ధిక్షయములు గలది. మిక్కిలి బాధించునపుడే మనుష్యుడు వైద్యునికడకు బోవును. పిమ్మట దానంతట నది కొంత తగ్గినను, కీర్తి మందునకు జెందును. కావున పరీక్షలో గొందఱకు నిజమైన మందును, కొందఱకు దానివలెనే కనబడు మందులేని బిళ్లను ఇత్తురు. ఎవరికేది వచ్చునో చీటివంటి యదృష్టము నిర్ణయించును. తఱుచుగా రోగికిని వైద్యునికిని గూడ నది తెలియదు. ముందుగా జెప్పి చేసినచో నిది పరీక్ష. చెప్పక చేసినచో వంచన. బిళ్ల యొక్కటియే, నడుమ నున్నది మాట.

నిజము చెప్పిన బిళ్ల మహిమ పోవునని కొందఱందురు. పోర్చుగల్ దేశమున లిస్బన్ నగరములో దీర్ఘకాలిక నడుము నొప్పిగల 97 మందితో జరిగిన పరీక్ష 2016లో వెలువడినది. అందు గొందఱకు, ఇందులో మందేమియు లేదని స్పష్టముగా జెప్పియే మూడు వారములు బిళ్లల నిచ్చిరి. అలవాటైన చికిత్స మాత్రమే పొందినవారికంటె వీరికి నొప్పి యెక్కువగా దగ్గినది. చిన్న పరీక్షనుబట్టి పెద్ద సిద్ధాంతము చేయరాదు. కాని మేలు చేయుటకు బొంకు తప్పనిసరి యను వాదమున కిది తగిన సమాధానము.

చదువురానివారి కివన్నియు జెప్పిన భయపడి పోదురు, వారి బదులు పెద్దలు నిర్ణయించుటయే మేలను వాదము మఱియొకటి కలదు. అట్లు చేసి చూచితిమి. 2009లో నప్పటి యాంధ్రప్రదేశమందలి ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు, గర్భాశయ ముఖమున బుట్టు క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాను బరిశీలనార్థ మిచ్చిరి. వారిలో ననేకులు వసతిగృహములలో జదువుకొను గిరిజన బాలికలు. తలిదండ్రుల బదులు వార్డెనులు సంతకము చేసిన పత్రములు పెక్కులు బయటపడినవి. 2010 ఏప్రిలులో నా పని నిలిపివేయబడెను. నడుమ జరిగిన మరణములకు టీకాతో సంబంధము కనబడలేదని విచారణ సంఘము చెప్పినది. టీకాయు మంచిదే. అయినను 2013లో బార్లమెంటు స్థాయీసంఘము తీవ్రముగా నాక్షేపించినది. హాని జరుగకపోయినను అన్యాయము జరుగవచ్చునని దీనివలన దెలియుచున్నది. పరుని పొలములో నడుగక విత్తి, పంట బాగుగా బండినదని చెప్పిన నేరము తీఱునా?

ఇక పరీక్షలే వలదందమా? మన పొరుగున భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున 1947 ప్రాంతమున వెలువడిన డైఇథైల్‌కార్బమజీన్ బిళ్లను, బోదకాలు రాకుండుటకై మన జిల్లాలలో నింటింట మ్రింగితిమి. మనకంటె ముందు దానిని మ్రింగిన రోగు లెవ్వరో మన మెఱుగము. అన్యుల దేహములు తెలిపిన జ్ఞానముతో సుఖపడుచు, మన వంతు వచ్చినపుడు మొగము చాటుచేసికొనుట ఋణము నెగవేయుటయే. కాని దాన మెఱిగి యిచ్చునది. ఎఱుగనివానినుండి తీసికొనిన దానికి వేఱు పేరు కలదు.

2019 నాటి నియమముల ప్రకారము సమ్మతి పత్రము రోగికి దెలిసిన భాషలో నుండవలెను. చదువురానివారికి విషయము చెప్పునపుడు నిష్పాక్షికుడైన సాక్షి మొదటినుండి తుదవఱకు నుండి సంతకము చేయవలెను. ఎప్పుడైనను విరమించుకొను హక్కు కలదు. పరీక్షవలన హాని గలిగినచో నుచిత చికిత్సయు బరిహారమును రావలెను. నియమములు మంచివి. కాని "అంతా మీ దయ" యను నలవాటు నియమముకంటె బాతది. అది చదువురానివారిది మాత్రమే కాదు. శస్త్రచికిత్సకు ముందిచ్చు పత్రమును జదివి సంతకము చేసిన పట్టభద్రులు మనలో నెంద ఱున్నారు? భార్యను బరుండబెట్టి, పత్రమును భర్తచేతి కిచ్చుట మన మెఱుగమా?

ఆ సాయంకాలము పత్రము నామెకు జదివి వినిపించితిని. ఒక గంట పట్టినది. కుమారుడును గూర్చుండి విన్నాడు. ఆమె, "మధ్యలో మానేస్తే మామూలు వైద్యం ఇస్తారా?" యనియు, "నాకు ఉత్తుత్తి బిళ్లే వస్తే ఆఖరికైనా చెబుతారా?" యనియు నడిగెను. మొదటిదానికి బత్రములో సమాధాన మున్నది, రెండవదానికి లేదు. కొంతసేపూరకుండి, "మా అమ్మాయి కూడా ఊడుపులకే పోతోందండీ. నాకు తగ్గకపోయినా దానికి పనికొస్తుందా?" యనెను. రావచ్చును, రాకపోవచ్చును అంటిని. అంతకంటె నాకు దెలియదు, వైద్యునికిని దెలియదు, తెలియదు కనుకనే పరీక్ష.

రెండవ ప్రశ్నను డాక్టరుగారినే యడిగెదనని చెప్పి, పత్రమును మడిచి కొంగున ముడివైచుకొని యామె వెడలిపోయెను. వేలిముద్ర వేయుటయు మానుటయు నామె యిష్టము.