ఖైదీ గీసిన గీత



ఖైదీ బొమ్మ గీస్తే, కథ రాస్తే మనశ్శాంతి దొరుకుతుందంటారు. మరి అతని చేతిలో నష్టపోయినవాళ్ళ మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే.

అంగులిమాలుణ్ణి చూడండి. భిక్షువయ్యాక కూడా జనం అతని మీద రాళ్ళేశారు. తల పగిలి నెత్తురోడుతూ వస్తే, బుద్ధుడు ఓర్చుకోమన్నాడు, అది చేసిన కర్మకు ఫలమేనన్నాడు. మారడం వేరు, చేసింది చెరిగిపోవడం వేరు. కళ కూడా తప్పును కడిగెయ్యదు. చెయ్యి గీత మీద నిలిచినప్పుడు మనసు కాసేపు పరుగాపి తన్ను తాను చూసుకుంటుంది. తన కోపాన్ని చూసినవాడికే ఎదుటివాడి గాయం కనబడుతుంది. మందు పనిచేసేది అక్కడే.

లోపలున్నవాళ్ళంతా దోషులూ కారు. 2022 చివరికి మన దేశపు ఖైదీల్లో నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. జాతీయోద్యమంలో జైలుకెళ్ళిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైల్లో ‘మాలపల్లి’ రాశారు. తన చెర గురించి కాదు, ఊరి బయటికి నెట్టేసిన వాడ గురించి రాశారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. తన దుఃఖం నుంచి ఇతరుల దుఃఖంలోకి నడిచిన ఆ చూపే కరుణ.

జైలు నుంచి విడుదలైనవాళ్ళు మళ్ళీ మన గుడివాడకో, అవనిగడ్డకో వస్తారు. పెడనలో కలంకారీ అద్దకం పని అడుగుతారు. జైల్లో గీసిన బొమ్మను మెచ్చుకుని, గీసినవాడికి పని లేదు పొమ్మంటే, ఆ రాయి మనం విసిరినట్టే.

భవతు సబ్బ మంగళం.