ముల్లు చెప్పు సాక్ష్యము



ఇంగ్లండు దేశములోని కావెంట్రీ పట్టణమున 1962 మొదలు 1980 వరకు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను రెండు సీట్ల చిన్న కారు తయారగుచుండెను. నేటికిని దానిని ప్రాణముగా చూచుకొనువారు కలరు. ఇంజను చెడినయెడల వారు అంతగా కలత చెందరు. చెడినదని తెలియును, బాగుచేయుదురు. పెట్రోలు సూచిక చెడుట వేరు సంగతి. అది చెడిన తరువాత కూడ మనము దాని ముఖము చూచుచు, దాని మాట నమ్ముచు ప్రయాణము చేయుచుందుము. చీకటిలో, ఊరు కాని చోట, పిల్లలు వెనుక నిద్రించుచుండగా బండి నిలిచిపోవునప్పుడే నిజము తెలియును.

ఈ నెల ధ్యానమునకు ఈ చిన్న సూచికనే తీసికొందము.

మొదట ఒక మాట గ్రహింపవలెను. ముల్లు పెట్రోలును ఎన్నడును చూడలేదు. ట్యాంకులో పెట్రోలు మీద తేలెడు బుడ్డి యొకటి యున్నది. అది లేచుచు దిగుచు నుండగా దాని చేయి ఒక తీగెచుట్ట మీద జరిగి, కరెంటునకు కలుగు అడ్డును హెచ్చించుచు తగ్గించుచు నుండును. అక్కడనుండి ఒక్క తీగె డ్రైవరు ఎదుటనున్న మీటరునకు వచ్చును. మీటరులో రెండు లోహములు అతికించిన రేకు కలదు. కరెంటు వేడికి అది వంగి ముల్లును త్రిప్పును. అందుచేతనే తాళము త్రిప్పగానే ముల్లు ఎగిరిపడదు, మెల్లగా లేచును. కాబట్టి ముల్లు చెప్పునది ట్యాంకులో నున్న సంగతి కాదు, తీగె వెంట తనకు చేరిన సంగతి మాత్రమే.

ఆ తీగె తెగినయెడల ఏమగును? స్పిట్‌ఫైరులో అడ్డు హెచ్చిన కొలది పెట్రోలు తక్కువని లెక్క. తీగె తెగగానే ముల్లు ఖాళీ మీద పడును. 1965 తరువాతి షెవర్లే కార్లలో లెక్క తలక్రిందులు. ఖాళీ ట్యాంకునకు సున్న ఓములు, నిండు ట్యాంకునకు 90. అక్కడ తీగె తెగినయెడల ముల్లు నిండు గీతను దాటి పోవును. రోగ మొకటే, ఒకరికి లేమిగా కనబడును, మరియొకరికి సమృద్ధిగా కనబడును.

లవొదికయ సంఘము ఈ రెండవ జాతిది. ఆ పట్టణము ధనము గలది. క్రీ.శ. 60లో భూకంపమునకు కూలినప్పుడు రోమా ప్రభుత్వపు సహాయము లేకుండ తన సొమ్ముతోనే తిరిగి కట్టుకొన్నదని చరిత్రకారుడు టాసిటస్ వ్రాసెను. పట్టణపు గర్వము సంఘములోనికిని వచ్చెను. మాకు కొదువ యేమియు లేదని వారు తలంచిరి. అయితే ప్రకటన గ్రంథము మూడవ అధ్యాయములో ప్రభువు ఎక్కడ నిలిచియున్నాడో చూడుడి. లోపల కాదు, తలుపు బయట నిలిచి తట్టుచున్నాడు! తీగె తెగియున్నది గనుకనే ముల్లు నిండు గీతను దాటియున్నది.

ఒక్క సూచిక తప్పు చెప్పవచ్చును గాని, రెండును కలిసి తప్పు చెప్పునా అని ఎవరైన అడుగవచ్చును. చెప్పును. స్పిట్‌ఫైరులో పెట్రోలు సూచికకును ఇంజను వేడి సూచికకును కరెంటు ఒక చిన్న డబ్బా గుండానే వచ్చును. బ్యాటరీ వోల్టేజి హెచ్చుతగ్గులు తగులకుండ దానిని సుమారు పది వోల్టులకు సమముగా నుంచుట దాని పని. అది చెడి పూర్తి కరెంటును పోనిచ్చినయెడల రెండు ముళ్లును కలిసి పైకి లేచును. సాక్షులిద్దరు, ఊట యొకటే. కానుకల పెట్టె నిండినది, బల్లలు నిండినవి, గనుక సంఘము క్షేమమని మనము సంతోషించునప్పుడు ఆ రెండును ఎక్కడనుండి నిండినవో అడిగి చూచుట మంచిది. పంట బాగుగా పండిన సంవత్సరము రెండును నిండును.

మంచి మెకానిక్కు ముల్లుతో వాదింపడు. ట్యాంకు దగ్గర తీగె ఊడదీసి, పెట్రోలు ఆవిరి లేని చోట, దానిని ఒక్క క్షణము కారు ఇనుమునకు తాకించును. స్పిట్‌ఫైరులో ముల్లు నిండు వైపునకు లేచినయెడల మీటరును తీగెయు మంచివి. తప్పు ట్యాంకు వైపున ఉన్నది. ముల్లు కదలనియెడల తప్పు ముందు వైపున వెదకవలెను. ఎక్కువసేపు తాకించి యుంచినయెడల మీటరు చెడును. పరీక్షకును ఒక మితి యున్నది. పూర్వము ఫోర్డు మోడల్ టీ కారులో సూచికయే లేదు. ముందు సీటు ఎత్తి, మూత తీసి, కర్ర ముంచి చూచుకొనెడివారు. బుద్ధిగల కన్యకలును తమ సిద్దెలలో నూనె ఉన్నదో లేదో బయలుదేరక ముందే చూచుకొనిరి.

ఇక ఖాళీ అని చెప్పు ముల్లును గూర్చి. ఇది నాకు మరింత ముఖ్యమని తోచుచున్నది, ఏలయనగా మనలో గర్వించువారికంటె క్రుంగినవారు తక్కువ లేరు.

ట్యాంకు నిండుగా నుండియు ముల్లు క్రిందనే పడియుండుటకు తరచుగా కారణము ఎర్తు. ట్యాంకులోని పరికరము కారు ఇనుముతో చక్కగా అంటియుండవలెను. మర క్రింద త్రుప్పు పట్టినయెడల అడ్డు హెచ్చి, ఉన్న పెట్రోలు లేనట్లు కనబడును. క్రొత్త మీటరు కొనుటకు పరుగెత్తువారు అనేకులు. మర విప్పి గరుకు కాగితముతో రుద్దువారు కొందరే.

కర్మెలు కొండమీద అంత జయము పొందిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని అరణ్యములో బదరీ వృక్షము క్రింద పడి చావు కోరెను. తాను ఒక్కడే మిగిలితినని అతని లెక్క. దేవుని లెక్కలో ఏడువేలమంది యుండిరి. అయినను ఆ ఏడువేల సంగతి దేవుడు మొదట చెప్పలేదు. మొదట నిద్రపోనిచ్చెను. దూతను పంపి వేడి రొట్టెయు నీళ్లును పెట్టించెను. మరల నిద్రపోనిచ్చి మరల పెట్టించెను. ప్రశ్న హోరేబులో అడిగెను, నలువది దినముల తరువాత.

మన సంఘములలో భర్తను పోగొట్టుకొన్న సహోదరి ప్రార్థన రావడము లేదని చెప్పినప్పుడు, ఆమెకు విశ్వాసము తగ్గినదని అనుట సులభము. ఆమె కడుపునిండ తిని, కంటినిండ నిద్రించి ఎన్ని దినములైనదో అడుగుట కొంచెము కష్టము. అడిగినవారు అన్నము వండుకొని పోవలసి వచ్చును గదా!

ఏలీయాకు హోరేబులో క్రొత్త హృదయము ఈయబడెనని వ్రాయబడలేదు. మూడు పనులు ఈయబడెను. అతడు వచ్చిన త్రోవనే మరలి పోయి, పండ్రెండు అరకలు సాగుచున్న పొలములో ఎలీషాను కనుగొని, తన దుప్పటి తీసి అతని భుజముల మీద వేసెను.