మేఘమును కరగించు చూపు

ఆషాఢమున పడమటిగాలి వీచు దినములలో మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు బడిపిల్లలు ఒక వింత ఆట ఆడుట చూచియున్నాను. మిద్దెపై వెల్లకిల పరుండి, ఆకాశమున ఒక చిన్న తెల్లని మబ్బును ఎంచుకొని, ‘కరగిపొమ్ము’ అని మనసున తలచుచు రెప్పవేయక చూతురు. పావుగంటలో అది నిజముగనే కరగిపోవును! ఇది మనశ్శక్తియే యని నమ్ము పెద్దలును గలరు.

అట్టి చిన్న మబ్బుల ఆయువు సాధారణముగ 10 మొదలు 20 నిమిషములే. నేలనుండి పైకి లేచు వేడిగాలి తేమనందించుట మానగానే, చుట్టునున్న పొడిగాలి అంచులలో కలిసి, నీటి కణములు ఆవిరియై పోవును. పడమటి కనుమలు దాటి వచ్చు గాలి తన తేమను చాలవరకు ఆవలనే విడిచివచ్చును గనుక మన కడప సీమలో ఇది మరింత సులభము. కావున నేను పిల్లలతో ఒక్కటే చెప్పుదును. సమానమైన రెండు మబ్బులను ఎంచుకొనుడు. బొమ్మా బొరుసా వేసి, ఒకదానిని మాత్రమే కరగుమని తలపుడు. రెండింటి కాలమును వ్రాసికొనుడు. పదిమార్లు చేసినచో, తలపని మబ్బును అట్లే కరగుట తెలియును.

ఈ రెండవ మబ్బును విస్మరించుట పిల్లల లోపము మాత్రమే కాదు. 2004లో రాష్ట్ర ప్రభుత్వము మేఘమథనము చేపట్టి విమానములతో మేఘములలో రసాయనములు చల్లించినపుడును ఇదే ప్రశ్న: కురిసిన వాన, చల్లకున్నను కురిసెడిదే కాదా? 2017-2019 నడుమ షోలాపూరు ప్రాంతమున పుణె వాతావరణ శాస్త్రజ్ఞులు కొన్ని మేఘములపై చల్లి, కొన్నింటిని పోల్చుటకై విడిచిరి. తన ఘనతను తానే శంకించు ఆ పద్ధతి నాకు మిక్కిలి గౌరవనీయముగ తోచును.

పులివెందుల మెట్టలో వేరుసెనగ విత్తినవానికి, జమ్మలమడుగు రేగడిలో శనగ విత్తుటకు పదునుకై ఎదురుచూచువానికి మేఘము ఆటవస్తువు కాదు. చూపునకు మబ్బును కరగించు శక్తి గలదని ఒప్పుకొన్నచో, వాన రాని యేట ఆ పాపిష్ఠి చూపు ఎవరిదని వెదకవలసివచ్చును. వెదకినచో దొరకునది ఎవరు? దిక్కులేని ముసలమ్మయో, ఒంటరి విధవయో, ఊరికి క్రొత్తగ వచ్చిన పరాయివాడో. ధనవంతుని చూపుపై అట్టి నింద పడుట నేనెన్నడును వినలేదు.

చామరసుని ప్రభులింగలీలలో గోరక్షుడు తన దేహము ఖడ్గమునకు తెగదని చూపి గర్వించెను. అల్లమప్రభువు దేహమున ఆ ఖడ్గము శూన్యమునవలె దూసిపోయెను. ఇదియు అద్భుతమే గదా యందురేమో! అగును, కాని గోరక్షుని ఖడ్గపరీక్ష ‘నేను’ అనుదానిని గట్టిపరచినది, ప్రభువు చూపినది ఆ ‘నేను’ లేకుండుట.

ఆట మాన్పుమని తల్లిదండ్రులకు నేను చెప్పను. పావుగంట ఆకాశమును కన్నార్పక చూచు పిల్లలు నేడు అరుదు. మఠముల వసతిగృహములలోని వారిని సయితము సెలవునాటి మధ్యాహ్నము మిద్దెపైకి పంపి, చేతికొక కాగితమును, గడియారమును ఇచ్చి, రెండు మబ్బుల లెక్కను వ్రాయింపుడు.