‘తెలిసి’ అన్న మాట

మా పెరట్లో పదకొండు కోళ్లున్నాయి. తొమ్మిది పెట్టలు, రెండు పుంజులు. ఎండలు ముదిరాక పెట్టలు గుడ్లు తగ్గించేశాయి. నూకలూ తవుడూ కలిపి వేస్తే కాళ్లతో కెలికి సగం మట్టిపాలు చేసేవి. చూసిన మేనల్లుడు, "పొడిమేత కాదు మావయ్యా, పులియబెట్టి పెట్టు" అన్నాడు.

పద్ధతి కొత్తదేం కాదు, మా అమ్మ తరవాణి కుండే. నూకలు, తవుడు, గుప్పెడు చోళ్లు బకెట్లో వేసి, రెండు వేళ్ల ఎత్తున నీళ్లు నిలిచేలా బావినీళ్లు పొయ్యాలి. మూత బిగించకూడదు, రోజూ కలపాలి. తవుడులోని భాస్వరం చాలావరకు ఫైటిక్ ఆమ్లంలో చిక్కుకుని ఉంటుంది. కోడికి దాన్ని విప్పుకునే శక్తి తక్కువ. పులిస్తే కొంత విడుతుంది. పులుపు పుట్టించే జీవులు చెడ్డవాటిని పెరగనివ్వవు. బూజు పట్టిందా, మొత్తం పారబొయ్యాల్సిందే.

రెండో పొద్దున మూత తీశాను. సన్నటి బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ అంచుకి చేరుతున్నాయి. చెవి దగ్గర పెడితే చిటచిటమని చప్పుడు. గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది. ముప్ఫై ఏళ్లు సైన్సు పాఠం చెప్పినవాణ్ని. పెరుగుచుక్క మైక్రోస్కోపు కింద పెట్టి, "ఇవి బతికున్నాయిరా" అని ఎంతమంది పిల్లలకు చూపించానో! మరి బతికున్నవాటిని తెలిసి తెలిసి కోళ్లకి మేతగా వెయ్యొచ్చా?

మా ఊరికి దగ్గరలోనే, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది. అక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు మన గిడుగు రామమూర్తిగారు. బౌద్ధ భిక్షువు దగ్గర ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడకట్టుకునే గుడ్డ ఒకటి. ప్రాణులున్నాయని తెలిసి ఆ నీళ్లు వాడటం భిక్షువుకి దోషం. ‘తెలిసి’ అన్న మాటే ఆ నియమానికి ప్రాణం. వడకట్టాక కంటికి కనపడనిదానికి ఆయన బాధ్యుడు కాడు. నాకు ఆ వెసులుబాటు లేదు. నాకు తెలుసు.

రామతీర్థం కొండల మీద జైన విగ్రహాలున్నాయి. నిష్ఠగల జైనులు రాత్రి నిలవున్న తిండే ముట్టరు. వాళ్లనడిగితే ఈ బకెట్టే వద్దంటారు. ఆ మాటని తేలిగ్గా తీసెయ్యలేను. కానీ పొడి తవుడు మీదా, నా అరచేతి మీదా, నేను తాగే మజ్జిగలోనూ ఉన్నవి ఆ జీవులే. వాటిని నేను పుట్టించలేదు, పెరగడానికి చోటిచ్చాను. కోడి పొట్టలోకి పోయినవాటిలో చచ్చేవి చస్తాయి, బతికేవి బతుకుతాయి. వాటిలో భయం ఎక్కడుందో వెతికితే నాకు దొరకలేదు. భయపడగలదా, నొప్పి తెలుస్తుందా అన్నదే నా కొలత. అలా చూస్తే బకెట్లో పాపం లేదనుకున్నాను. గరిటె తిప్పాను.

కొలతంటూ ఒకటి ఎత్తుకున్నాక బకెట్ దగ్గర ఆగమంటే ఆగదు కదా. నల్లపుంజు ఉంది. మనవడికి జ్వరమొచ్చినప్పుడు మా ఇంటావిడ అమ్మోరికి మొక్కుకున్న పుంజు. పండక్కి ఇంకా ఇరవై రోజులుంది. గద్ద నీడ పడితే ముందు అరిచేది అదే. గంప కింద పెడితే అరగంట వణుకుతుంది. దాని భయం చూడ్డానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. కోడికూర తింటూ పెరిగినవాణ్నే, ఇన్నేళ్లూ ఈ ప్రశ్న నా దగ్గరికి రాలేదు. పులుపులోని జీవాల కోసం అంత మథనపడినవాణ్ని ఇప్పుడు దీనికి ఏ వడపోత గుడ్డ అడ్డుపెట్టుకోను? మనవడు లేచి తిరుగుతున్నాడన్న సంతోషం నాకూ తక్కువ కాదు. అయినా ఆ సంతోషానికి వెల దీని మెడ కాకూడదని నా మనసుకు గట్టిగా అనిపిస్తోంది.

ఆ మాటే ఆవిడతో అన్నాను. పసుపునీళ్ల ఘటం ఎత్తుదాం, పుంజుని ఉంచేద్దాం అన్నాను.

ఆవిడ బకెట్ వైపు చూసింది. "కోళ్లకి తరవాణి పోత్తన్నారు, బాగానే ఉంది. ఘటం వేరు, మొక్కు వేరు. గుంటడి పేనం అడిగి తెచ్చుకున్నది నేను. అమ్మోరికి ఏటి సెప్పమంటారు?"

నా దగ్గర జవాబు లేదు. పుల్లటి నూకలు దోసిట్లో పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నల్లపుంజు మెడ వంచి, ఒక కన్నుతో నన్ను చూసి, అరచెయ్యి చురుక్కుమనేలా పొడుచుకు తినసాగింది.