చాటువు - వచనము



క్లుప్తముగను చమత్కారముగను పలికిన పద్యమును మన పెద్దలు చాటువనిరి. 'చాటు' శబ్దమునకు సంస్కృతమున ప్రియమైన పలుకు, ఇచ్చకము అని అర్థము. తెలుగున ఆ పేరు హాస్యమునకును అధిక్షేపమునకును నీతికిని విస్తరించినది. నోటినుండి నోటికి బ్రతికిన అట్టి పద్యములను 'చాటుపద్యమణిమంజరి'గా కూర్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888-1950) మన కృష్ణాజిల్లా పెదకళ్లేపల్లివారే.

12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరులును శరణులును పలికినవియు చిన్న మాటలే, చురుక్కుమను మాటలే. కాని వానికి 'వచనము'లని పేరు. 'వచ్' ధాతువునకు పలుకుట అర్థము. పలుకు వచనమే, ఇచ్చిన మాటయు వచనమే.

ఇచట మనము మనస్సు నిలుపవలెను. చాటువు వినువానిని మెప్పించిన చాలును. వచనము పలికినవానిని కట్టివేయును. అందరును సమానులని సభలో పలికి, ఇంటికి వచ్చి పనివానికి వేరు గ్లాసు పెట్టినచో, మనము పలికినది వచనము కాదు; వట్టి చాటువు.

బసవేశ్వరులు లింగైక్యులైన కూడలసంగమమును తాకిన కృష్ణవేణియే బెజవాడ దాటి మన చేలను తడుపుచున్నది. ఆ నీరు త్రాగు మనము దినమునకొక్క మాటనైనను వచనముగా నిలుపుకొందము.