పూత తీసిన గిటారు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం కలమజూ ఊళ్ళో గిటార్లు బాగుచేసే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఒకరోజు ఆయన దగ్గరికి ఓ కుర్రవాడు ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొచ్చాడు. ఎర్రటి పాలియెస్టర్ పూత, ముఖం కనబడేంత మెరుపు.

"పెద్దయ్యా, దీని గొంతు మూసుకుపోయింది. ఈ ప్లాస్టిక్ పూత కింద కర్రకు ఊపిరాడడం లేదు. మొత్తం గీకేసి, పాతకాలం గిటార్లకు వేసినట్టు పల్చగా నైట్రోసెల్యులోజ్ లాకర్ వెయ్యండి."

"అలాగే బాబూ. కానీ పని నా పక్కన కూచుని నువ్వే చెయ్యాలి."

కుర్రవాడు ఒప్పుకున్నాడు. ముందు తీగలు విప్పారు. లావు తీగల చుట్ల సందుల్లో చెమటా మురికీ నల్లగా పేరుకుని ఉన్నాయి. వాటిని చుట్టచుట్టి పెద్దాయన గోడ మేకుకు తగిలించారు. పికప్‌లు విప్పేముందు అవి తీగలకు ఎంత దూరంలో ఉన్నాయో స్కేలు పెట్టి చూసి చీటీ మీద రాసుకున్నారు. కుర్రవాడు అది గమనించలేదు, వాడి ధ్యాసంతా పూత మీదే ఉంది. వేడిగాలి కొట్టి పూత పెచ్చులు లేపాడు, గరుకు కాగితం పట్టాడు, పొర ఆరాక పొర చొప్పున లాకర్ కొట్టాడు. కొన్ని వారాలు ఆరనిచ్చారు. తర్వాత స్విచ్ శుభ్రం చేసి, పికప్‌లు బిగించి, కొత్త తీగలు వేసి యాంప్లిఫయర్‌కి కలిపారు.

మొదటి మీటుకే ఖంగుమంది. కుర్రవాడి కళ్ళు చెమ్మగిల్లాయి. "విన్నారా పెద్దయ్యా! కర్ర నోరు విప్పింది!"

పెద్దాయన ఏమీ అనలేదు. మేకు మీది పాత తీగలు తీసి మళ్ళీ వేశారు. చీటీ చూసుకుంటూ పికప్ స్క్రూలు తిప్పి, వాటిని పాత ఎత్తుకు దించారు. "ఇప్పుడు వాయించు" అన్నారు. మళ్ళీ అదే మూసుకుపోయిన గొంతు.

"పూత మాత్రం కొత్తదే బాబూ. మనం తీగలు మార్చాం, పికప్‌ల ఎత్తు మార్చాం, స్విచ్ మురికి తీశాం, పూత కూడా మార్చాం. ఘనత అంతా నువ్వు ఆ పూతకే ఇచ్చావు."

కుర్రవాడు చాలాసేపు మాట్లాడలేదు. "అయితే పూతతో పనే లేదంటారా?" అన్నాడు చివరికి.

"నెక్ వెనకాల, బొటనవేలు జారే చోట ఉంది. అక్కడ పూత జిగటగా ఉంటే చెయ్యి నిదానిస్తుంది. ఆ కాస్త మేరకు గీకి ఇవ్వడం గంట పని."

నీతి: చెవికి తెలిసిన మార్పు నిజమే కావచ్చు. దానికి మనం నమ్మిన కారణం నిజమో కాదో మాత్రం విడిగా తేల్చుకోవాలి.

ఎలక్ట్రిక్ గిటారు విషయంలో ఇలా తేల్చుకోవడం చాలా కష్టం, ఎందుకంటే పూతను ఒక్కదాన్నే మార్చడం దాదాపు కుదరని పని. గీకాలంటే అన్నీ ఊడదీయాలి. తిరిగి బిగించేటప్పుడు ఏదీ సరిగ్గా పాత చోటుకే రాదు. పూత తీశాక గొంతు విచ్చుకుందని చెప్పేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళు విన్నదే చెబుతున్నారు.

పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే చూపించిన సూత్రం ఇదే. యాంప్లిఫయర్‌కి చేరేది ఆ ఉక్కు తీగ కదలిక మాత్రమే. బొబ్బిలి వీణ సంగతి వేరు. అక్కడ తీగ అదురు పనస కర్రలోకి దిగి, కుండ లోపలి గాలిని ఊపుతుంది. ఆ వాద్యానికి కర్రే గొంతు. వీణకు చెల్లిన మాటను ఎలక్ట్రిక్ గిటారుకు అంటగట్టడం దగ్గరే తికమకంతా మొదలవుతోందని నా అభిప్రాయం.

1940 ప్రాంతంలో లెస్ పాల్ న్యూయార్క్‌లోని ఎపిఫోన్ కర్మాగారంలో నాలుగంగుళాల పైన్ దుంగకు తీగలూ పికప్‌లూ బిగించి గిటారు చేశాడు. ఉత్త దుంగతో వాయిస్తే జనం పట్టించుకోలేదనీ, దానికి రెండు పక్కలా మామూలు గిటారు రెక్కలు తగిలించాక మెచ్చుకున్నారనీ ఆయనే చెప్పేవాడు. ఈ మధ్యకాలంలో నాష్‌విల్ గిటారిస్టు జిమ్ లిల్ అసలు బాడీ లేకుండా, రెండు బల్లల మధ్య తీగలు బిగించి వాయించి చూపించాడు. అదీ ఎలక్ట్రిక్ గిటారులాగే పలికింది. ఇక ఫెండర్ కంపెనీ 1956లో చాలా గిటార్లకు ఆష్ కర్ర మాని ఆల్డర్‌కు మారింది. ఆష్‌కి రంగు వేయాలంటే ముందు దాని రంధ్రాలు పూడ్చాలి. ఆల్డర్‌కి ఆ బెడద తక్కువ. ఇవాళ గొంతు కోసం పొగిడే ఆ కర్ర రంగు పనికి అనువైన కర్ర కూడా.

అలాగని కర్ర ప్రభావం సున్నా అనను. కొన్ని గిటార్లలో ఏదో ఒక మెట్టు దగ్గర స్వరం తొందరగా చచ్చిపోతుంది. ఆ స్వరానికి నెక్ కూడా అదిరి తీగ బలాన్ని లాగేసుకోవడమే కారణం. దాన్ని కొలవచ్చు, చూపించవచ్చు.

ఈ వాదన కబుర్లతో ఆగిపోతే నాకు ఇంత పట్టింపు ఉండేది కాదు. గొంతు కోసం ఫలానా కర్రే కావాలన్న పట్టుదల వెనక అడవులున్నాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్ ఎంతగా తరిగిపోయిందంటే 1992లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని దాదాపుగా నిషేధించాల్సి వచ్చింది. 2017లో మిగతా రోజ్‌వుడ్ జాతులన్నిటి మీదా నియంత్రణ వచ్చింది. వాటితో తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. నియంత్రణ వచ్చిన ఆ రోజుల్లో ఫెండర్ మెక్సికోలో చేసే చాలా గిటార్ల ఫింగర్‌బోర్డులకు రోజ్‌వుడ్ మాని పావ్ ఫెరో కర్ర వేసింది. కుర్రవాళ్ళు వాటిని కొనుక్కుని, తీగలు సరిచేసుకుని, పాటలు కట్టుకున్నారు.