గుమ్మము వరకు వచ్చి తిరిగిపోయినవారు



కొన్ని ఏండ్ల క్రిందట మా సంఘస్థుడొకడు ఆసుపత్రిలో నుండగా పరామర్శింప వెళ్లితిని. ఒక చిన్న నర్సు మందుల చీటి చేతబట్టుకొని డాక్టరుగారి గది గుమ్మము వరకు వెళ్లి, రెండు మారులు తిరిగి వచ్చెను. ఏమమ్మా అని అడిగితిని. "అంకె సరిగా తెలియడం లేదు అయ్యగారూ. అడిగితే నిన్నటిలాగా అందరి ముందూ తిడతారు" అనెను. చివరకు పెద్ద నర్సమ్మ వచ్చి, ఆ చీటి తీసికొనిపోయి తానే అడిగెను. నేను మాత్రము ఊరకుంటిని. ఆ మౌనము నేటికిని నన్ను గుచ్చుచున్నది.

రోగి జ్వరమును థర్మామీటరు చెప్పును. పనివారి నడుమనున్న భయమును ఏది చెప్పును? దానిని కొలువవచ్చునా?

కొలుచుటకు యత్నము జరుగుచునే యున్నది. అమెరికా ప్రభుత్వ సంస్థయొకటి 2004లో ఆసుపత్రి పనివారి కొరకు ఒక ప్రశ్నల పత్రమును వెలువరించెను. తోటివారు ఒకరికొకరు తోడుపడుదురా, సందేహమును పైవారితో చెప్పగలరా అను ఇట్టి సంగతులకు పనివారు పేరు వ్రాయకయే గుర్తులు పెట్టుదురు. ఆ గుర్తులను కూడి వార్డు స్థితిని అంచనా వేయుదురు.

అయితే అంకెలను చదువుటకు వివేకము కావలెను. ఏమీ ఎడ్మండ్సన్ అను పండితురాలు అమెరికాలో రెండు ఆసుపత్రుల వార్డులను పరిశీలించి, 1996లో ఆ సంగతి ప్రకటించెను. కలిసిమెలిసి పనిచేయు వార్డులలో మందుల పొరబాట్లు తక్కువగా నుండునని ఆమె తలంచెను. లెక్క చూడగా అట్టి వార్డులలోనే అవి ఎక్కువగా కనబడెను! ఆమె ఆశ్చర్యపడి, ఈ లెక్కలు ఎరుగని మరియొకరిచేత ఆ వార్డులను పరిశీలింపజేసెను. అప్పుడు మర్మము తేటపడెను. మంచి వార్డులో పొరబాటును వెంటనే చెప్పుకొనుచుండిరి. భయమున్న చోట దాచుచుండిరి. చెప్పినదే లెక్కకెక్కును, దాచినది ఎక్కదు.

మన ఇండ్లలోను ఇంతే గదా! తండ్రి కఱ్ఱకు జడియు ఇంట కుండ పగులకుండునా? పగులును, పెంకులు గడ్డివామి క్రింద దొరకును.

పత్రముతోనే పని తీరదు. ముగ్గురే నర్సులున్న చిన్న ఆసుపత్రిలో పేరు వ్రాయకున్నను ఎవరు వ్రాసిరో తెలిసిపోవును. పై అధికారి మెప్పు కొరకు కొలిచినయెడల పనివారు మంచి గుర్తులే పెట్టుదురు, అంకె అబద్ధమాడును. వినుటకు సిద్ధపడినవాడు కొలిచినప్పుడే కొలత మేలగును.

అట్లయిన తప్పు చేసినవానిని దిద్దవలదా అని నీవు అడుగవచ్చును. దిద్దవలెను. అజాగ్రత్త ప్రాణము తీయును. అయితే దిద్దుట వేరు, నలుగురిలో సిగ్గుపరచుట వేరు. సిగ్గుపడినవాడు మరల చెప్పడు. చెప్పని తప్పును ఎవరును దిద్దలేరు. ఆ నష్టము పడకమీదనున్న రోగిది.

చదువరీ, నీవు ఆసుపత్రిలో పెద్దవు కాకపోవచ్చును. ఇంటికో, పొలములో కూలివారికో, బడికో పెద్దవై యుందువు. ఈ నెలలో నీ యొద్దకు వచ్చి "పొరబాటు చేసితిని" అని చెప్పినవారెందరు? ఒక్కరును లేనియెడల సంతోషింప తొందరపడకుము. నీ గుమ్మము వరకు వచ్చి తిరిగిపోయినవారెందరో యోచింపుము.